బాల హనుమంతుడు ఆటలోకి ఎలా వచ్చాడు?

2009లో హైదరాబాదు నుంచి ఒక వీడియో గేమ్ వచ్చింది. దాని పేరు ‘హనుమాన్: బాయ్ వారియర్’. తయారు చేసింది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ అనే సంస్థ. విడుదల చేసింది సోనీ కంపెనీ ఆటల విభాగం. అప్పట్లో ఇళ్ళలో టీవీకి తగిలించి ఆడుకునే ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం దాన్ని తయారు చేశారు. ఆ యంత్రానికి పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి ఆట ఇదేనని అప్పుడు చెప్పుకున్నారు. మనలో చాలామంది అప్పటికింకా పుట్టనే లేదు.

అంత పాత ఆట గురించి ఇప్పుడెందుకు అంటారా? ఈ ఒక్క ఆటను పట్టుకుంటే రెండు విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి. ఒకటి, ‘ముందుకథ’ అంటే ఏమిటి, దాన్ని ఎలా అల్లుతారు అన్నది. దీన్నే సినిమావాళ్ళు, ఆటలవాళ్ళు ప్రీక్వెల్ అంటారు. రెండోది, ఒక ఆటను ఒక ప్రాంతంలో విడుదల చేయడమంటే ఏమేం చేయాలి అన్నది. ఈ రెండో విషయం మనలాంటి పిల్లలకు సొంత విషయం కూడా. ఎందుకో వరసగా చెబుతాం.

ముందుకథ అంటే

అందరికీ తెలిసిన కథ ఒకటి ఉంటుంది. ఆ కథ మొదలయ్యే ముందు ఏం జరిగిందో తర్వాత ఎవరో చెబుతారు. అదే ముందుకథ. ‘బాహుబలి’ సినిమా 2015లో వచ్చింది. శివగామి మహారాణి కాకముందు ఎలా ఉండేదో చెబుతూ ఆనంద్ నీలకంఠన్ 2017లో ఇంగ్లీషులో ఒక నవల రాశారు. సినిమా ముందు వచ్చింది, సినిమాకి ముందు జరిగిన కథ తర్వాత వచ్చింది.

వీడియో గేమ్‌లలో దీనికి పేరుపొందిన ఉదాహరణ ‘గాడ్ ఆఫ్ వార్’. ఇది గ్రీకు పురాణాల మీద అల్లిన పోరాటాల ఆట. మొదటి ఆట 2005లో వచ్చింది. 2013లో వచ్చిన ‘అసెన్షన్’ అనే ఆట కథాకాలం ప్రకారం దానికంటే ముందు జరుగుతుంది. అందులో కథానాయకుడు క్రేటోస్ ఎన్ని ఆపదల్లో చిక్కుకున్నా చావడని ఆడేవాళ్ళకు ముందే తెలుసు. ఎందుకంటే 2005 నాటి ఆటలో అతను బతికే ఉన్నాడు.

ముందుకథతో వచ్చే పెద్ద చిక్కు ఇదే. ముగింపు ముందే తెలిసిపోయి ఉంటుంది. రచయిత ఏం కల్పించినా ఆ తర్వాతి కథకు అడ్డం రాకూడదు. మధ్యలో ఒక పాత్రను చంపేస్తే, తర్వాతి కథలో ఆ పాత్ర ఎలా కనిపిస్తుంది? ముందుకథలో నాయకుడు మహా బలవంతుడైపోతే, తర్వాతి కథలో ఆ బలమంతా ఏమైపోయింది? ఆటల్లో ఈ రెండో ప్రశ్న మరీ కష్టం. ఆటలో నాయకుడు మెట్టు మెట్టుకీ బలం పెంచుకుంటూ పోవాలి. లేకపోతే ఆడేవాళ్ళకు విసుగు పుడుతుంది.

వాల్మీకి చూపిన దారి

ఈ చిక్కుముడిని మన రామాయణం ఎప్పుడో విప్పేసింది. హనుమంతుడు రామాయణంలో మనకు మొదట కనిపించేది కిష్కింధకాండలో. అప్పటికే ఆయన సుగ్రీవుడి మంత్రి. ఆయన చిన్ననాటి కథ ఆ తర్వాతే వస్తుంది, అదీ వేరే పాత్రల నోట. సముద్రం ఒడ్డున వానరులంతా ‘దీన్ని దాటేదెవరు?’ అని దిగులు పడుతున్నప్పుడు జాంబవంతుడు ఆ కథ ఎత్తుకుంటాడు. ఇంకా వివరంగా ఉత్తరకాండలో అగస్త్యుడు రాముడికి చెబుతాడు.

కథ మనకు తెలిసిందే. పసివాడు ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి పండనుకుని ఆకాశంలోకి ఎగిరాడు. ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు. దవడకు దెబ్బ తగిలింది. హనువు అంటే దవడ, అందుకే హనుమంతుడు. కొడుకు పడిపోయాడని వాయుదేవుడికి కోపం వచ్చి గాలిని ఆపేశాడు. లోకమంతా ఊపిరాడక అల్లాడింది. దేవతలు దిగివచ్చి పిల్లవాడికి వరాలిచ్చారు.

ఇక్కడికి ఆ పిల్లవాడికి సాటి లేని బలం వచ్చేసింది. మరి ఇంత బలం ఉన్నవాడు వాలి సుగ్రీవుణ్ణి తరిమినప్పుడు ఎందుకు ఊరుకున్నాడు? ఉత్తరకాండలో రాముడికి వచ్చిన సందేహం కూడా ఇదే. దానికి జవాబు ఉంది. వరాలు పొందిన పిల్లవాడు మునుల ఆశ్రమాల్లో అల్లరి చేశాడు. మునులు విసిగి, ‘నీ బలం నీకు గుర్తుండదు, ఎవరైనా గుర్తు చేసినప్పుడే తెలుస్తుంది’ అని శపించారు. సముద్రపుటొడ్డున జాంబవంతుడు గుర్తు చేసింది ఆ బలాన్నే.

చూడండి, ఎంత చక్కగా అతికిందో! చిన్నప్పుడు ఎంత బలమైనా చూపించవచ్చు. చివర్లో ఒక్క మరపు చాలు, తర్వాతి కథ ఎక్కడా చెడదు. ఆట తయారుచేసే వాళ్ళకు ఇంతకంటే మంచి ముందుకథ దొరకదు. పరుగు, దూకుడు, ఎగరడం, పోరాటం, వరాలు, అల్లరి, శాపం అన్నీ ఇందులోనే ఉన్నాయి. ‘బాయ్ వారియర్’ వాళ్ళు బాల హనుమంతుణ్ణే ఎంచుకోవడం తెలివైన పని అని మేము అనుకుంటాం. ఆటగా అది గొప్పగా కుదరలేదని అప్పటి విమర్శకులు అన్నారు. అది వేరే సంగతి. కథ ఎంపికలో మాత్రం పొరపాటు లేదు.

దేవుణ్ణి ఆడించవచ్చా?

ఆట వచ్చిన కొత్తలో ఒక అభ్యంతరం కూడా వచ్చింది. అమెరికాలోని నెవాడాలో ఉండే హిందూ నాయకుడు రాజన్ జెడ్ ఈ ఆటను వెనక్కి తీసుకోమని సోనీని కోరారు. భక్తితో కొలిచే దేవుణ్ణి ఆడేవాడి చేతిలోని మీటలతో ఇష్టం వచ్చినట్టు తిప్పడం తగదన్నది ఆయన వాదన.

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. సినిమాలో దేవుడి పాత్ర ఏం చేయాలో దర్శకుడు ముందే నిర్ణయిస్తాడు. ఆటలో అలా కాదు. మనం బొత్తాం తప్పుగా నొక్కితే హనుమంతుడు గుంటలో పడతాడు. రాక్షసుడి చేతిలో ఓడిపోతాడు. చూసే పెద్దవాళ్ళకు అది బాధగా ఉండవచ్చు.

రెండో వైపు కూడా ఉంది. రామ్‌లీలాలో పక్కింటి కుర్రాడే తోక కట్టుకుని హనుమంతుడవుతాడు. మన తోలుబొమ్మలాటలో హనుమంతుడి బొమ్మను ఆడించేది ఒక మనిషి చెయ్యే. దేవుడి కథను ఆడి చూపించడం మనకు కొత్త కాదు. ఎలా ఆడించామన్నదే ముఖ్యం. మంచి ఆటలు దీనికో ఉపాయం వెతుక్కుంటాయి. పుణెలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్’ చూడండి. అందులో మనం నడిపించేది దేవుణ్ణి కాదు, తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే రాజీ అనే అమ్మాయిని. దేవతలు ఆమెకు ఆయుధాలిచ్చి సాయం చేస్తారు. మధ్యమధ్య కథ చెప్పే ఘట్టాలను తోలుబొమ్మల నీడల్లాగా చూపించారు. ఓడిపోతే ఓడేది రాజీయే. దేవుళ్ళ గౌరవానికి లోటు రాలేదు, ఆటలో ఉత్కంఠా తగ్గలేదు.

ఒక ప్రాంతంలో విడుదల చేయడమంటే

ఇప్పుడు రెండో విషయానికి వద్దాం. ఆట తయారైతే సరిపోదు. అది ఒక దేశానికి, ఒక భాషకు చేరాలి. అందులో నాలుగు మెట్లున్నాయి.

మొదటి మెట్టు యంత్రం. ప్లేస్టేషన్ 2 కాలంలో ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించారు. మన దేశపు టీవీలు పాల్ అనే పద్ధతిలో నడిచేవి. అందులో తెర మీద 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. అమెరికా, జపాన్ టీవీలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. వాటిలో 525 గీతలు, సెకనుకు దాదాపు 30 చిత్రాలు. అమెరికాలో కొన్న ఆట డిస్కు ఇక్కడి యంత్రంలో మామూలుగా నడిచేది కాదు. విదేశం నుంచి మామయ్య తెచ్చిన డిస్కు పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఇప్పటి యంత్రాల్లో ఈ బాధ చాలావరకు పోయింది.

రెండో మెట్టు ప్రచురణకర్త. ఒకే ఆటను వేర్వేరు దేశాల్లో వేర్వేరు సంస్థలు విడుదల చేయవచ్చు. సోనీ వాళ్ళ మొదటి ‘గాడ్ ఆఫ్ వార్’ను జపాన్‌లో కాప్‌కామ్ అనే మరో సంస్థ విడుదల చేసింది.

మూడో మెట్టు వయసు గుర్తు. ఐరోపాలో పెగీ అనే గుర్తులు వాడతారు. డబ్బా మీద 3, 7, 12, 16, 18 అంకెల్లో ఒకటి ఉంటుంది. అంతకంటే చిన్నవాళ్ళకు ఆ ఆట తగదని అర్థం. ఆ అంకె ఆట ఎంత కష్టమో చెప్పదు, లోపల ఏముందో చెబుతుంది. పైన మేము చెప్పిన ‘గాడ్ ఆఫ్ వార్’ ఆటలకు 18 గుర్తు ఉంది. వాటి గురించి చదివి తెలుసుకోవచ్చు, ఆడేందుకు మాత్రం మనం ఆగాలి. పురాణ కథ కదా, పిల్లలదేలే అనుకుని పెద్దవాళ్ళు కొనిచ్చేస్తారు. కొనే ముందు ఆ అంకె చూపించడం మన పని.

నాలుగో మెట్టు భాష. అన్నిటికంటే కష్టమైనది, అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే.

తెలుగులోకి తేవడం ఎందుకు కష్టం?

ఇంగ్లీషు మాటలు తీసేసి తెలుగు మాటలు పెట్టేస్తే చాలు కదా అనిపిస్తుంది. చాలదు.

ముందు లిపి సంగతి చూద్దాం. కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలనూ గుర్తుపట్టేందుకు యూనికోడ్ అనే ఏర్పాటు ఉంది. అందులో తెలుగుకు 128 గడులు కేటాయించారు. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక గడి చాలు. మన ‘స్త్రీ’ అనే అక్షరానికి సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘపు గుడి కలిపి ఆరు కావాలి. ఆ ఆరింటినీ కంప్యూటరు ఒకే ముద్దగా కూర్చాలి. గుడి పైకి పోతుంది, ఒత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లీషు కోసం గీసిన సన్నని పెట్టెలో తెలుగు రాస్తే ఒత్తులు తెగిపోతాయి. అందుకే మాటలు రాయకముందే పెట్టెల ఎత్తు పెంచాలి.

తర్వాత వ్యాకరణం. ఆటల్లో ఒకే వాక్యాన్ని అచ్చులాగా పెట్టుకుని, వస్తువు పేరు మార్చుకుంటూ పోతారు. ‘నువ్వు ఫలానా వస్తువును తీసుకున్నావు’ అన్న వాక్యం ఉందనుకోండి. వస్తువు చివర ‘ను’ తగిలిస్తారు. ‘గదను తీసుకున్నావు’ బాగానే ఉంది. ‘కత్తిను తీసుకున్నావు’ అంటే నవ్వొస్తుంది. కత్తిని అనాలి. చోటు పేరు చివర ‘లో’ పెడితే ‘అడవిలో’ సరే. ‘ఇల్లులో’ అంటామా? ఇంట్లో అంటాం. ‘ఊరులో’ కాదు, ఊళ్ళో. ఇంగ్లీషులో వస్తువు పేరు మారదు కాబట్టి ఈ చిక్కు వాళ్ళకు తట్టదు. తెలుగు తెలిసినవాళ్ళు ఆట తయారీలో మొదటినుంచీ ఉంటేనే ఇది సరిగా వస్తుంది.

ఆ తర్వాత మర్యాద. ఇంగ్లీషులో ఎవరినైనా ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో అంజనాదేవి కొడుకును ‘నాయనా’ అంటుంది. కొడుకు ‘అమ్మా’ అంటాడు. రాక్షసుడు ‘ఓరీ’ అంటాడు. మునిని ‘స్వామీ’ అనాలి. నువ్వు ఎక్కడ, మీరు ఎక్కడ, తమరు ఎక్కడ అన్నది తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లవాడికి కూడా తెలుసు. యంత్రానికి ఒకరు చెప్పాలి.

అసలు హనుమంతుడి ఆటలో భాష తప్పుగా ఉంటే మరీ బాగుండదు. ఆయన సూర్యుడి దగ్గర వ్యాకరణం నేర్చుకున్నవాడు. కిష్కింధలో మొదటిసారి కలిసినప్పుడు ఆయన మాటల్లో ఒక్క అపశబ్దం లేదని రాముడే మెచ్చుకున్నాడు. అలాంటి వాడి చేత ‘కత్తిను’ అనిపిస్తే ఎలా?

మన దగ్గర చేసి చూపించినవాళ్ళున్నారు

ప్రాంతానికి తగ్గట్టు కథను మార్చి విడుదల చేయడం మనకు తెలియని విద్య కాదు. కె.వి. రెడ్డి గారి ‘మాయాబజార్’ 1957లో తెలుగులోను, తమిళంలోను తయారైంది. తెలుగులో అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు అయితే, తమిళంలో జెమినీ గణేశన్. మాటలు మార్చి ఊరుకోలేదు, ఆ ప్రాంతం వాళ్ళు తమవాడు అనుకునే నటుణ్ణి పెట్టారు. అందులోని శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు. అయినా భారతం కథకు ఎక్కడా అడ్డం రాదు.

మేముండే ఛత్తీస్‌గఢ్‌లో దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ పండవానీ. ఇది మహాభారత కథను ఛత్తీస్‌గఢీ భాషలో పాడి, ఆడి చెప్పే కళ. ఇందులో భీముడిది పెద్దపీట. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి నిలబడి చెప్పే కాపాలిక్ శైలిలో పేరు పొందారు. ఆమె చేతిలోని తంబూరా ఒక క్షణం భీముడి గద అయ్యేది, మరో క్షణం అర్జునుడి విల్లు అయ్యేది. ఇక్కడి పల్లెల్లో చదువు రానివాళ్ళకు కూడా భారతం తెలిసిందంటే, అది వాళ్ళ భాషలో వాళ్ళ దగ్గరికి రావడం వల్లే.

ఇందులో మన సంగతి ఏమిటి?

మా కోటా బిలాస్‌పూర్ జిల్లాలో చిన్న ఊరు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్ళే రైలు మార్గంలో ఉంది. స్టేషను పేరు మాత్రం కర్గీ రోడ్. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. రైల్వే ఉద్యోగాల కోసం ఆంధ్ర, తెలంగాణ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎప్పటినుంచో ఉన్నాయి. బ్యాంకుల్లో, ఇతర ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళూ బదిలీ మీద వస్తూ పోతూ ఉంటారు.

బదిలీ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ మనకు ఊరు మారుతుంది, స్నేహితులు మారతారు. పాఠాలు హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి చదువు ఆగదు. ఆగిపోయేది తెలుగు చదవడం. ఇంట్లో గలగలా మాట్లాడే మనమే తాతయ్య పంపిన తెలుగు పత్రిక ముందు కూడబలుక్కుంటాం. రోజూ ఇష్టంగా చదివేది ఏదీ తెలుగులో లేకపోవడమే దీనికి కారణం.

ఆటల్లో మనం ఎంత చదువుతామో ఎప్పుడైనా గమనించారా? ఆయుధాల పేర్లు, పాత్రల సంభాషణలు, చేయవలసిన పనులు, దారి గుర్తులు. ఎవరూ చదవమని చెప్పకుండానే చదువుతాం. ఇదంతా తెలుగులో ఉంటే, ఏ ఊరికి బదిలీ అయినా మన భాష మన వెంటే వస్తుంది. దానికి వేరే పుస్తకాల పెట్టె మోయక్కర్లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8.1 కోట్ల మంది. హిందీ, బెంగాలీ, మరాఠీల తర్వాత నాలుగో స్థానం మనదే. ‘రాజీ’ ఆట 2020లో ఇంగ్లీషు గొంతులతో వచ్చింది, 2022లో హిందీ గొంతులు చేర్చారు. చైనా వాళ్ళు 2024లో తమ కోతి వీరుడు సున్ ఊకాంగ్ కథతో ‘బ్లాక్ మిత్: ఊకాంగ్’ తెచ్చారు. మొదటి మూడు రోజుల్లోనే కోటి ప్రతులు అమ్ముడయ్యాయి. ఆ పాత్రలు చైనీస్ భాషలో మాట్లాడుతుంటే, బయటి దేశాల్లో చాలామంది కింద తమ భాషలో అక్షరాలు చదువుకుంటూ ఆడారు. సొంత భాషలో చేస్తే బయటివాళ్ళు చూడరనే భయం అక్కర్లేదని దీనివల్ల తెలుస్తోంది.

మనం చేయగలిగినవి

ఆట తయారు చేయాలంటే చాలా డబ్బు, చాలామంది మనుషులు, కొన్నేళ్ళ సమయం కావాలి. అది పెద్దవాళ్ళ పని. మన పనులు చిన్నవి.

కొత్త ఆట చూసినప్పుడు వయసు గుర్తుతో పాటు భాషల పట్టిక కూడా చూడండి. తెలుగు లేకపోతే, అభిప్రాయం రాసే చోట ‘తెలుగు కావాలి’ అని మర్యాదగా రాయండి. ఒకరు అడిగితే ఒకటి, వెయ్యి మంది అడిగితే అది లెక్క.

రెండోది, ఆటల్లో రోజూ కనిపించే మాటలకు తెలుగు వెతకండి. మా తెలుగు విభాగం వాళ్ళం కూర్చుని బాల హనుమంతుడి ఆట కోసం కొన్ని రాసుకున్నాం. ఆట ప్రారంభించే చోట ‘మొదలు’. ఆగిన చోటు నుంచి మళ్ళీ ఆడేందుకు ‘కొనసాగించు’. కాసేపు ఆపేందుకు ‘ఆగు’. వరం దొరికినప్పుడు ‘వరం పొందావు, నాయనా’. తల్లి దగ్గరికి తిరిగి వెళ్ళే చోట ‘ఇంటికి’.

ఓడిపోయినప్పుడు తెర మీద ఏం రావాలన్న దగ్గర చాలాసేపు వాదించుకున్నాం. ‘ఆట ముగిసింది’ అని కొందరు, ‘ఓడిపోయావు’ అని కొందరు అన్నారు. దేవుడికి ఓటమి రాయడం బాగుండదని ఇంకొందరు అన్నారు. చివరికి అందరం ఒప్పుకున్నది జాంబవంతుడి పద్ధతి. తెర మీద ఆయన వచ్చి ఒకే మాట అంటాడు: ‘నీ బలం మరిచావు. గుర్తు తెచ్చుకో.’

మీకు ఇంతకంటే మంచి మాట తడితే మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం.